కిలో: క్రిస్ హోయ్ పోగొట్టుకున్న పందెం

అందరికీ నమస్కారం. వెనకాల కూర్చున్నవాళ్లకి వినబడుతోందా? సరే.

నన్ను పిలిచినవాళ్లు మీకు బాగా ఇష్టమైన ఒక ఆటగాడి గురించి కాసేపు మాట్లాడండి అన్నారు. నేను ఆలోచించుకోవాల్సిన పనే పడలేదు. క్రిస్ హోయ్. స్కాట్లాండ్ మనిషి, ట్రాక్ సైక్లిస్టు, 2013లో రిటైరయ్యారు. ఆరు ఒలింపిక్ స్వర్ణాలు, ఒక రజతం, 11 ప్రపంచ టైటిళ్లు. ఆయన గురించి ఎవరు మాట్లాడినా ఈ లెక్కతోనే మొదలుపెడతారు, నేనూ చెప్పేశాను కాబట్టి ఇక దాన్ని పక్కన పెట్టేద్దాం. ఎందుకంటే నేను చెప్పదలుచుకున్నది పతకాల సంగతి కాదు. ఒక పందెం సంగతి. ఆయన ప్రాణం పెట్టి నేర్చుకున్న పందెం, దానిలో ప్రపంచంలో తనే నంబర్ వన్ అని నిరూపించుకున్న పందెం, దాన్ని ఒలింపిక్స్‌లోంచి తీసేశారు. ఆయన ఓడిపోలేదు, ముసలివాడు కాలేదు, దెబ్బ తగల్లేదు. పందెమే లేకుండా పోయింది. ఆ తర్వాత ఆయన ఏం చేశారన్నదే నా దృష్టిలో అసలు కెరీర్.

ముందు ఒక చిన్న పని చేద్దాం. అందరూ ఫోన్ తీయండి, స్టాప్‌వాచ్ పెట్టండి. స్టార్ట్ నొక్కి, ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా స్టాప్ నొక్కండి. ఎంతొచ్చింది? 0.12, 0.09, ఆ అమ్మాయికి 0.08. బాగుంది, చాలా ఫాస్ట్. ఇప్పుడు తెర మీద అంకెలు చూడండి, పాయింటు తర్వాత రెండే ఉన్నాయి కదా. నేను ఇవాళ చెప్పబోయే ఒక తేడా 0.005 సెకన్లు. మీ ఫోను దాన్ని చూపించలేదు కూడా. ఆ సంఖ్య గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ట్రాక్ సైక్లింగ్ ఎప్పుడూ చూడనివాళ్ల కోసం రెండు మాటలు. చెక్క పలకలతో చేసిన ట్రాకు, ఒక చుట్టు 250 మీటర్లు. మలుపుల దగ్గర గోడలాగా పైకి లేస్తుంది, 42 డిగ్రీల పైన వాలు. నెమ్మదిగా వెళ్తే టైరు జారి కింద పడతారు, అంటే అక్కడ నిలబడాలంటే వేగంగా తొక్కి తీరాలి. సైకిలుకి బ్రేకులు ఉండవు. గేరు ఒక్కటే. ఇంకో ముఖ్యమైన సంగతి, మన మామూలు సైకిల్లో పెడల్ ఆపేసినా చక్రం తిరుగుతూనే ఉంటుంది కదా, ఇక్కడ అలా కుదరదు. చక్రం తిరిగినంతసేపూ పెడల్ తిరుగుతుంది, కాళ్లు తిరుగుతాయి. కాసేపు ఊపిరి తీసుకుందాం, కాళ్లకి విశ్రాంతి ఇద్దాం అంటే దారి లేదు.

ఇక కిలో. పూర్తి పేరు ఒక కిలోమీటర్ టైమ్ ట్రయల్. అందరూ కిలో అనే అంటారు. ఒక్క మనిషి, ఖాళీ ట్రాకు, నిలబడ్డ చోటు నుంచి నాలుగు చుట్లు, గడియారం. ఎత్తుగడలు లేవు, పక్కవాడు లేడు, ముందువాడి వెనకాల నక్కి గాలి తప్పించుకోవడం లేదు. వెనక చక్రాన్ని ఒక గేటు పట్టుకుని ఉంటుంది, బీప్ బీప్ అని లెక్క పెడుతుంది, వదిలేస్తుంది. గేరు ఒక్కటే అన్నాను కదా, చివర్లో గంటకు 60 కిలోమీటర్ల పైన వేగానికి సరిపడేంత బరువైన గేరు అది, దాన్నే సున్నా నుంచి కదిలించాలి. మొదటి పెడల్ తొక్కుడుకి ఒళ్లంతా సైకిల్ మీద పడుతుంది, హ్యాండిల్ చేతుల్లోంచి ఊడొస్తుందేమో అన్నంతగా లాగుతారు.

మొదటి చుట్టు కండరంలో అప్పటికే దాచిపెట్టి ఉన్న శక్తితో అయిపోతుంది. రెండో చుట్టు ఎగురుతున్నట్టు ఉంటుందట. మూడో చుట్టులో ఒంటికి ఆక్సిజన్ చాలదు, కండరాల్లో ఆమ్లం పేరుకోవడం మొదలవుతుంది. నాలుగో చుట్టు గురించి కిలో తొక్కినవాళ్లు ఎవరూ సంతోషంగా మాట్లాడరు. కాళ్లు మొద్దుబారిపోతాయి, చూపు సన్నబడుతుంది, వేగం పడిపోతూ ఉంటుంది, ఎంత తక్కువ పడిపోతే అంత గెలుపు. అర్థమైందా? కిలో చివరి చుట్టులో ఎవరూ వేగం పెంచరు. అందరూ తగ్గుతారు. తక్కువ తగ్గినవాడే ఛాంపియన్. రేసయ్యాక నడవలేక ట్రాకు మధ్యలో పడుకుండిపోతారు, వాంతులు చేసుకుంటారు. హోయ్ కూడా అంతే. ఒలింపిక్స్‌లో కిలో ఉన్న రోజుల్లో ఒక నిమిషం పని కోసం నాలుగేళ్లు తయారయ్యేవారు, అదీ ఒక్కటే అవకాశం, హీట్లు లేవు, రెండో ఛాన్సు లేదు.

ఆ ఒక్క ఛాన్సు ఎంత దారుణమో చెప్పడానికి హోయ్ కాకుండా ఇంకో మనిషిని చెప్తాను. ఆస్ట్రేలియా రైడర్ షేన్ కెల్లీ. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కి ప్రపంచ ఛాంపియన్‌గా వచ్చాడు, గెలుస్తాడని అందరూ అనుకుంటున్నవాడు. గేటు వదిలింది, మొదటి తొక్కులోనే పాదం పెడల్ నుంచి జారి బయటికి వచ్చేసింది. అంతే. అయిపోయింది. నాలుగేళ్లు, ఒక సెకను. ఆయన పేరు గుర్తుంచుకోండి, ఏథెన్స్‌లో మళ్లీ కనబడతాడు.

ఇప్పుడు హోయ్. 1976 మార్చిలో ఎడిన్‌బరాలో పుట్టారు. ఆరేళ్ల వయసులో ఒక సినిమాలో పిల్లలు బీఎంఎక్స్ సైకిళ్ల మీద, అంటే మట్టి ట్రాకుల మీద రేసులకి వాడే చిన్న సైకిళ్ల మీద, పోలీసుల్ని తప్పించుకుని పారిపోవడం చూసి, నాకూ అలాంటిది కావాలని పట్టుబట్టాడు. వాళ్లమ్మ చర్చిలో పాత సామాన్లు అమ్మే చోట 5 పౌండ్లకి ఒక సైకిల్ కొన్నది. వాళ్ల నాన్న దాన్ని విప్పి, బాగుచేసి, రంగు వేసి ఇచ్చాడు. ఇక అక్కడి నుంచి పద్నాలుగేళ్ల వరకు బీఎంఎక్సే. స్కాట్లాండ్ అంతా, బ్రిటన్ అంతా, తర్వాత యూరప్‌లో కూడా, ఆ కుర్రాణ్ణి కారెక్కించుకుని వాళ్ల నాన్న రాత్రులు డ్రైవ్ చేసుకుంటూ రేసులకి తీసుకెళ్లేవాడు. తన వయసు పిల్లల్లో బ్రిటన్‌లో రెండో స్థానం దాకా వెళ్లాడు. ఈ బీఎంఎక్స్ సంగతి మర్చిపోవద్దు, కథలో అది మళ్లీ వస్తుంది, ఎవరూ ఊహించని చోట.

మధ్యలో పడవ పందేలు, రగ్బీ కూడా ఆడాడు. 1992 ప్రాంతంలో ఒక సైకిల్ క్లబ్బులో చేరి ట్రాకు ఎక్కాడు. ఎడిన్‌బరాలో మెడోబ్యాంక్ అని ఒక వెలోడ్రోమ్, అంటే సైకిల్ పందేల ట్రాకు, ఉండేది. చెక్క ట్రాకు, పైన కప్పు లేదు. స్కాట్లాండ్‌లో! వాన పడితే ప్రాక్టీసు ఆగిపోవాల్సిందే, తడిసిన చెక్క మీద ఎవరూ తొక్కలేరు. ఆరారగా వాన పడే ఊళ్లో, కప్పులేని చెక్క ట్రాకు మీద నేర్చుకున్న మనిషి ఈయన. 1994లో మాంచెస్టర్‌లో కప్పున్న వెలోడ్రోమ్ వచ్చింది, 1997 నుంచి బ్రిటన్‌లో లాటరీ డబ్బులు ఆటలకి రావడం మొదలైంది. ఈ రెండూ లేకపోతే హోయ్ బహుశా ఎక్కడో ఉద్యోగం చేసుకునేవారు, ఆ మాట చెప్పకుండా కష్టపడితే చాలు అంతా వస్తుందని చెప్పడం నాకు నచ్చదు. కష్టం ఉంది, కానీ ట్రాకు మీద కప్పూ కావాలి, నెల తిరిగేసరికి జీతమూ కావాలి. యూనివర్సిటీలో స్పోర్ట్స్ సైన్స్ డిగ్రీ 1999లో పూర్తిచేశారు, అదే ఏడాది బెర్లిన్ ప్రపంచ పోటీల్లో, ముగ్గురు కలిసి తొక్కే టీమ్ స్ప్రింట్‌లో రజతం. 2000 సిడ్నీలో మళ్లీ టీమ్ స్ప్రింట్‌లోనే రజతం, క్రెయిగ్ మక్లీన్, జేసన్ క్వీలీలతో కలిసి. ఆ ఒలింపిక్స్‌లోనే కిలోలో క్వీలీ స్వర్ణం గెలిచాడు. పక్కనే ఉన్న టీమ్‌మేట్ మెడలో కిలో స్వర్ణం చూడటం, ఆ తర్వాత తనూ ఆ పందేన్నే పట్టుకోవడం. 2002లో కోపెన్‌హేగెన్‌లో కిలో ప్రపంచ ఛాంపియన్ అయ్యారు, 2004లో మెల్‌బోర్న్‌లో మళ్లీ.

ప్రపంచ ఛాంపియన్ కాబట్టి ఏథెన్స్‌లో అందరికంటే చివర స్టార్ట్ చేసే వంతు ఆయనది. వినడానికి గౌరవంగా ఉంటుంది. కానీ ఒకసారి ఆలోచించండి. 2004 ఆగస్టు 20. మీరు ట్రాకు మధ్యలో కుర్చీలో కూర్చుని ఉన్నారు, హెల్మెట్ చేతిలో ఉంది. ముందు షేన్ కెల్లీ వెళ్లాడు, అదే కెల్లీ, ఎనిమిదేళ్ల కిందట పాదం జారినవాడు. ఒక నిమిషం 1.224 సెకన్లు. నాలుగేళ్ల కిందట సిడ్నీలో స్వర్ణం వచ్చిన టైం కంటే మెరుగు. తర్వాత జర్మనీ రైడర్ స్టెఫాన్ నింకే, ఒక నిమిషం 1.186. ఆ తర్వాత ఫ్రాన్స్ నుంచి ఆర్నో తూర్నాన్. ఇతను మామూలు మనిషి కాదు, 2001లో బొలీవియాలో కిలోని నిమిషం లోపల తొక్కిన మొట్టమొదటి మనిషి, కానీ సిడ్నీలో కిలోలో మాత్రం అతనికి పతకం దక్కలేదు. ఇప్పుడు ఏథెన్స్‌లో ఒక నిమిషం 0.896. స్టేడియం ఊగిపోయింది. అప్పుడు గేటు దగ్గరికి రమ్మని హోయ్‌ని పిలిచారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బ్రిటన్ టీమ్‌తో స్టీవ్ పీటర్స్ అని ఒక సైకియాట్రిస్టు పనిచేసేవారు. ఏథెన్స్‌కి కొంతకాలం ముందు హోయ్‌ని ఆయన ఒక ప్రశ్న అడిగారు. నీకంటే ముందు వెళ్లినవాడు రికార్డు కొట్టేస్తే నువ్వేం చేస్తావు అని. దాని గురించి ఆలోచించను అన్నారట హోయ్. గులాబీ రంగు ఏనుగు గురించి ఆలోచించవద్దు అంటే ఏనుగే కనబడుతుంది కదా, ఆ రకం జవాబు పనిచేయదని పీటర్స్ వివరించారు. దానికి బదులు, అలాంటి మాట ఎప్పుడు మనసులోకి వచ్చినా తన రేసునే మొదటి తొక్కు నుంచి చివరి గీత దాకా కళ్ల ముందు తిప్పుకోవాలి. నెలల తరబడి హోయ్ అదే ప్రాక్టీస్ చేశారు. కాళ్లకి ఎంత ప్రాక్టీసో దీనికీ అంతే. నిజంగా ఆ రోజు వచ్చేసరికి ముగ్గురు ఒకరి తర్వాత ఒకరు బోర్డు మీద అంకెలు మారుస్తుంటే ఆయన తన నాలుగు చుట్లు తను తిప్పుకుంటూ కూర్చున్నారు.

ఒక నిమిషం 0.711.

తూర్నాన్ మీద తేడా 0.185 సెకన్లు. ఆ రేసు నేను ఎన్నిసార్లు చూశానో నాకే లెక్క లేదు. ప్రతిసారీ నా కళ్లు నాలుగో చుట్టు మీదే ఉంటాయి, భుజాలు ఊగడం మొదలుపెడతాయి, తల కిందికి దిగుతుంది, అయినా కాళ్లు గుండ్రంగానే తిరుగుతున్నాయి. చాలామంది రైడర్లకి ఆ దశలో పెడల్ తొక్కుడు చదరంగా అయిపోతుంది, కిందికి గుద్దుతారు, పైకి రావడం రాదు. ఈయనది చివరి గీత దాకా గుండ్రంగా ఉంది. చూడటం తెలిస్తే అది చాలా అందమైన దృశ్యం.

సరే, కిలో ఒలింపిక్ ఛాంపియన్. 28 ఏళ్లు. బీజింగ్‌లో మళ్లీ గెలవాలి, అంతే కదా ప్లాన్. 2005లో వార్త వచ్చింది, బీజింగ్ ఒలింపిక్స్‌లో కిలో ఉండదు అని. మగవాళ్ల కిలో, ఆడవాళ్ల 500 మీటర్ల టైమ్ ట్రయల్, రెండూ తీసేశారు. ఒలింపిక్స్‌లో ఒక్కో ఆటకి ఇన్ని ఈవెంట్లే అని పరిమితి ఉంటుంది. సైక్లింగ్‌లో కొత్తగా ఒక విభాగాన్ని చేర్చాలి, దానికి చోటు కావాలి, ఆ చోటు ట్రాకు నుంచి తీసుకున్నారు. ఆ కొత్త విభాగం ఏంటో తెలుసా? బీఎంఎక్స్.

5 పౌండ్ల సైకిల్ గుర్తుందా? ఈయన్ని సైక్లింగ్‌లోకి తెచ్చిన ఆట వచ్చి ఈయన పందేన్ని బయటికి పంపించింది. బీఎంఎక్స్ మీద నాకే కోపం లేదు, అది మంచి ఆట, ఒలింపిక్స్‌లో ఉండాల్సిందే. కానీ కిలోని తీసేయడం తప్పు అని నేను ఇప్పటికీ అనుకుంటున్నాను. టీవీలో ఒంటరి మనిషి గడియారంతో తొక్కే పందెం కంటే, గుంపుగా తోసుకునే పందెం జనానికి నచ్చుతుందని ఎవరైనా అనుకుని ఉండొచ్చు. ఏథెన్స్ కిలో చూసినవాళ్లు మాత్రం ఆ మాట అనలేరు.

హోయ్ పరిస్థితి మీరే ఆలోచించండి. ఒంటరిగా గడియారంతో తొక్కడం తప్ప పక్కనవాడితో పోటీపడటం అలవాటు లేని మనిషి. బీజింగ్‌లో మిగిలిన పొట్టి పందేలు మూడు, టీమ్ స్ప్రింట్, స్ప్రింట్, కీరిన్. టీమ్ స్ప్రింట్ తెలుసు. మిగతా రెండిట్లో ఆయన దాదాపు కొత్తవాడు, ఆ వయసులో.

స్ప్రింట్ అంటే ఇద్దరి మధ్య కుస్తీ లాంటిది. మూడు చుట్లు, కానీ మొదటి రెండు చుట్లు నడక వేగంతో వెళ్తారు, ఒక్కోసారి సైకిల్ మీదే కదలకుండా నిలబడిపోతారు, ఎదుటివాణ్ణి ముందుకి పంపించడానికి. చివరి 200 మీటర్లలో పిల్లిలా దూకుతారు. బుర్ర, కళ్లు, మోసం, ధైర్యం అన్నీ కావాలి. కీరిన్ జపాన్‌లో 1948లో పుట్టింది, అక్కడ దాని మీద జనం డబ్బులు పెడతారు, పెద్ద వ్యాపారం. ముందు ఒక మోటారు సైకిల్ వెళ్తుంది, దాని వెనక రైడర్లు వరసగా. గంటకు 30 కిలోమీటర్లతో మొదలై 50 దాకా వేగం పెంచి, అప్పట్లో చివరి రెండు రెండున్నర చుట్లు ఉండగా మోటారు సైకిల్ తప్పుకునేది. ఇక అక్కడి నుంచి భుజాలు, మోచేతులు, తోపులాట, పడిపోవడాలు.

కొత్తగా నేర్చుకోవడం అంత తేలిక కాదు, ముఖ్యంగా ఒక దాంట్లో ప్రపంచంలోనే గొప్పవాడివని పేరొచ్చాక. చిన్న చిన్న కుర్రాళ్లు ఎత్తుగడలతో బోల్తా కొట్టిస్తుంటే భరించాలి. ఆయన భరించారు. 2007లో స్పెయిన్‌లోని పాల్మా ప్రపంచ పోటీల్లో కీరిన్ గెలిచారు, అక్కడే కిలో కూడా మరోసారి గెలిచారు, నాలుగోసారి.

ఇప్పుడు మన స్టాప్‌వాచ్ దగ్గరికి వద్దాం. కిలో ఎలాగూ ఒలింపిక్స్‌లో లేదు, కానీ తూర్నాన్ 2001లో బొలీవియాలో పెట్టిన ప్రపంచ రికార్డు అలాగే ఉంది, 58.875 సెకన్లు. హోయ్‌కి అది కావాలి. ఆ రికార్డు పెట్టిన చోటికే వెళ్లారు, 2007 మే నెలలో, లా పాజ్‌లోని ఆల్టో ఇర్పావి వెలోడ్రోమ్. సముద్ర మట్టానికి 3,400 మీటర్ల ఎత్తు. అంత ఎత్తులో గాలి పలచగా ఉంటుంది, సైకిల్‌ని వెనక్కి నెట్టేది గాలే కాబట్టి వేగం పెరుగుతుంది. కానీ అదే పలచని గాలి ఊపిరితిత్తులకి చాలదు. ఇదొక వింత బేరం, చక్రానికి లాభం, మనిషికి నష్టం. నిమిషం పందేనికి లాభమే ఎక్కువ, అందుకే అక్కడికి వెళ్లారు. చెక్క ట్రాకు కూడా కాదది, ఆరుబయట సిమెంటు ట్రాకు, 333 మీటర్ల చుట్టు, కిలోకి మూడు చుట్లు. గాలి వీస్తుందా లేదా అని జెండాల వైపు చూస్తూ నిలబడాలి.

మొదటి రోజు తొక్కారు, 59 సెకన్ల పైన వచ్చింది. కిలో తొక్కిన మర్నాడే మళ్లీ కిలో తొక్కడం అంటే ఏంటో ఇందాక చెప్పిన నాలుగో చుట్టు గుర్తు తెచ్చుకుంటే తెలుస్తుంది. మర్నాడు మళ్లీ తొక్కారు. 58.880.

0.005 సెకన్లు తక్కువపడ్డాయి. లెక్క కట్టి చూడండి, సగటున సెకనుకి 17 మీటర్ల వేగం, దాన్ని 0.005తో గుణిస్తే ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. ఇదిగో, నా చూపుడు వేలు అంత. ఒక కిలోమీటరు తొక్కి చూపుడు వేలంత దూరంలో రికార్డు చేజారింది. అదే ప్రయాణంలో ఎగురు స్టార్టుతో, అంటే అప్పటికే వేగంలో ఉండి మొదలుపెట్టే, 500 మీటర్ల ప్రపంచ రికార్డు కొట్టారు, 24.758 సెకన్లు, అంతకుముందు రికార్డు కంటే ఒక సెకను పైగా మెరుగు, ఇది కూడా తూర్నాన్ పేరు మీదున్నదే. చాలామంది దాన్ని చెప్పి, చూశారా వట్టి చేతులతో రాలేదు అంటారు. నిజమే. కానీ నన్నడిగితే ఆయన కెరీర్ మొత్తంలో నాకు ఎక్కువ గుర్తుండేది ఆ చూపుడు వేలే. గెలిచిన వాటికంటే అదే. ఒలింపిక్స్‌లో లేని పందెం, పతకం లేదు, ప్రేక్షకులు లేరు, డబ్బు లేదు, ఊపిరి ఆడని కొండ మీదికి వెళ్లి రెండు రోజుల్లో రెండుసార్లు ప్రాణం పెట్టి తొక్కారంటే, ఆ పందేన్ని ఎంత ప్రేమించి ఉండాలి!

ఇక్కడి నుంచి నా వాదన. కిలో పోయిందని అందరూ అన్నారు. నేను అనేదేంటంటే, హోయ్ కిలోని వదల్లేదు, మిగతా పందేల్లోకి మోసుకెళ్లారు.

బీజింగ్ చూడండి. 2008 ఆగస్టు 15, టీమ్ స్ప్రింట్. ముగ్గురు, మూడు చుట్లు, ఒక్కొక్కరు ఒక్కో చుట్టు ముందుండి లాగి తప్పుకుంటారు. మొదటివాడు జేమీ స్టాఫ్, అన్నట్టు ఈయన ఒకప్పటి బీఎంఎక్స్ ప్రపంచ ఛాంపియనే. రెండోవాడు జేసన్ కెన్నీ, ఇరవై ఏళ్ల కుర్రాడు. మూడోవాడు హోయ్. మూడోవాడు మొత్తం 750 మీటర్లు తొక్కాలి, ముందు రెండు చుట్లు ఆ రాకెట్ల వెనకాల అంటుకుని ఉండి, అందరూ అలిసిపోయే చోట ఒంటరిగా గాలిని కోసుకుంటూ వెళ్లాలి. ఇది కిలో మనిషి పని కాకపోతే ఇంకేంటి? ఫైనల్లో ఫ్రాన్స్ మీద స్వర్ణం.

మర్నాడు కీరిన్. ఎత్తుగడల్లో ఆయన పుట్టు కీరిన్ ఆటగాళ్లంత చురుకు కాదు, అది ఆయనకీ తెలుసు. అందుకని ఏం చేసేవారంటే, మోటారు సైకిల్ తప్పుకోగానే లేదా ఇంకాస్త ఆగి, అందరికంటే ముందుకెళ్లి, అక్కడి నుంచి గీత దాకా పూర్తి వేగంతో లాగేసేవారు. పుస్తకం ప్రకారం అది తెలివితక్కువ పని. ముందున్నవాడు గాలిని కోస్తాడు, వెనకున్నవాళ్లు హాయిగా వచ్చి చివర్లో దాటేస్తారు. కానీ మామూలు స్ప్రింటర్‌కి పూర్తి వేగం ఒక చుట్టు ఉంటుంది, మహా అయితే ఒకటిన్నర. కిలో రైడర్‌కి అది నాలుగు చుట్ల పని. వెనకవాళ్లు దాటడానికి పక్కకి వచ్చేసరికి వాళ్ల కాళ్లు అయిపోయి ఉండేవి, ఈయనవి ఇంకా గుండ్రంగా తిరుగుతూ ఉండేవి. కిలో నాలుగో చుట్టు చూసినవాళ్లు దీన్ని వెంటనే పోల్చుకోవచ్చు. కీరిన్ స్వర్ణం.

ఆగస్టు 17 నుంచి 19 దాకా స్ప్రింట్. అర్హత రౌండులో 200 మీటర్లు 9.815 సెకన్లు, ఒలింపిక్ రికార్డు. ఫైనల్లో ఎదురుగా తన టీమ్‌మేట్ కెన్నీయే. రెండు రేసుల్లోనూ హోయ్. అదే ఏడాది అంతకుముందు మాంచెస్టర్‌లో స్ప్రింట్ ప్రపంచ ఛాంపియన్ కూడా అయ్యారు, 1954లో రెగ్ హ్యారిస్ తర్వాత బ్రిటన్ మగవాళ్లలో ఎవరికీ దక్కనిది. ఒకే ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు అంటే 1908లో ఈతగాడు హెన్రీ టేలర్ తర్వాత వందేళ్లకి ఒక బ్రిటిష్ ఆటగాడికి. తర్వాతి ఏడాది నుంచి సర్ క్రిస్ హోయ్.

2009 ఫిబ్రవరిలో కోపెన్‌హేగెన్ ప్రపంచ కప్‌లో కీరిన్‌లో పడి తుంటికి పెద్ద దెబ్బ తగిలింది, ఆ ఏడాది ప్రపంచ పోటీలకి వెళ్లలేకపోయారు. తిరిగొచ్చి 2010లో అదే కోపెన్‌హేగెన్‌లో కీరిన్ గెలిచారు. ఈ మధ్య సంవత్సరాల్లో ఓటములు కూడా చాలా ఉన్నాయి, కుర్రాళ్లు వచ్చేశారు, ముఖ్యంగా సొంత టీమ్‌లోనే కెన్నీ.

లండన్ దగ్గరికి వచ్చేసరికి మళ్లీ ఒక నిబంధన. వ్యక్తిగత పందేల్లో ఒక్కో దేశానికి ఒక్కరే అన్నారు. స్ప్రింట్‌లో ఒలింపిక్ ఛాంపియన్ హోయ్, కానీ బ్రిటన్ కెన్నీని ఎంచుకుంది, కెన్నీ గెలిచి చూపించాడు కూడా. అంటే ఏథెన్స్‌లో గెలిచిన కిలోని బీజింగ్‌లో తొక్కనివ్వలేదు, బీజింగ్‌లో గెలిచిన స్ప్రింట్‌ని లండన్‌లో తొక్కే అవకాశం రాలేదు. వ్యక్తిగతంగా మిగిలింది కీరిన్ ఒక్కటే. ఆ ఒలింపిక్స్ ప్రారంభోత్సవంలో జెండా పట్టుకుని నడిచింది ఆయనే. టీమ్ స్ప్రింట్‌లో ఫిలిప్ హిండ్స్, కెన్నీలతో కలిసి ప్రపంచ రికార్డుతో స్వర్ణం, 42.600.

ఆగస్టు 7, కీరిన్ ఫైనల్. 36 ఏళ్లు. ఎప్పటిలాగే ముందుకెళ్లారు. చివరి చుట్టు దగ్గర జర్మనీ కుర్రాడు మాక్సిమిలియన్ లెవీ పక్కకి వచ్చాడు, కలిశాడు, దాటి ముందుకి కూడా వెళ్లాడు. కీరిన్‌లో ఆఖరి చుట్టులో ఒకసారి నిన్ను దాటేశారంటే నూటికి తొంభై సార్లు రేసు అయిపోయినట్టే. అప్పుడు ఆ భుజాలు ఊగడం మొదలైంది. తల కిందికి దిగింది. నేను గట్టిగా చెప్పగలను, అది కీరిన్ కాదు, ఏథెన్స్ కిలో నాలుగో చుట్టు, ఎనిమిదేళ్ల తర్వాత మళ్లీ. లెవీ తగ్గుతున్నాడు, హోయ్ కూడా తగ్గుతున్నారు, కానీ తక్కువ తగ్గుతున్నారు. ఆఖరి మలుపు నుంచి బయటికి వచ్చేసరికి ముందున్నది హోయ్. ఆరో స్వర్ణం, పడవ పందేల స్టీవ్ రెడ్‌గ్రేవ్ ఐదుని దాటి.

2013 ఏప్రిల్‌లో ఎడిన్‌బరాలో రిటైర్మెంట్ చెప్పారు. గ్లాస్గోలో ఆయన పేరు పెట్టిన వెలోడ్రోమ్, కప్పున్నది, ఆ పాటికే తయారై ఉంది, మరుసటి ఏడాది అక్కడే కామన్వెల్త్ క్రీడలు. సొంత దేశంలో, తన పేరున్న ట్రాకు మీద తొక్కి వెళ్లిపోవచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఒళ్లు ఇక ఆ స్థాయికి రాదని ఆయనకి తెలుసు, పేరు కోసం చోటు తీసుకోలేదు. 2013 డిసెంబరులో మెక్సికోలో ఫ్రాన్స్ రైడర్ ఫ్రాన్సువా పెర్విస్ కిలోని 56.303లో తొక్కి తూర్నాన్ రికార్డు బద్దలుకొట్టాడు. తర్వాత ఒలింపిక్ స్వర్ణాల లెక్కలో కెన్నీ ఏడుతో ఆయన్ని దాటాడు.

ఇంకొక్క విషయం, ఇది చెప్పకుండా దాటలేను. 2024 ఫిబ్రవరిలో తనకి క్యాన్సర్ అని హోయ్ ప్రపంచానికి చెప్పారు. అక్టోబరులో ఇంకా వివరంగా చెప్పారు, ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకలకి పాకిందని, నయం కాదని, డాక్టర్లు రెండు నుంచి నాలుగేళ్లు అన్నారని. మొదట భుజం నొప్పి అనుకున్నారట, వ్యాయామం చేసేవాళ్లకి మామూలే కదా. వాళ్ల నాన్నకీ తాతకీ కూడా ఇదే జబ్బు. ఇంట్లో ఎవరికైనా ఉంటే మగవాళ్లు ముందుగానే పరీక్ష చేయించుకోండి అని అప్పటి నుంచి ఎక్కడ మైకు దొరికినా చెబుతున్నారు. ఆయన మాట విని బ్రిటన్‌లో చాలామంది వెళ్లారు. ఈ హాల్లో నలభై దాటిన మగవాళ్లు ఉన్నారు కాబట్టి నేనూ చెబుతున్నాను, ఇంట్లో ఆ జబ్బు ఉంటే డాక్టర్ని అడగండి. 2025 సెప్టెంబరులో గ్లాస్గోలో నాలుగో దశ క్యాన్సర్ ఉన్నవాళ్ల కోసం టూర్ ద ఫోర్ అని సైకిల్ యాత్ర పెట్టారు, ఆయన పేరున్న వెలోడ్రోమ్ దగ్గరే. ఆయనా తొక్కారు.

ఏంటమ్మా? ఆ, మొదట ఏ రేసు చూడమంటారని అడుగుతోంది. బీజింగ్ చూడమంటారు అందరూ. నువ్వు ఏథెన్స్ కిలో చూడు. కెల్లీ దగ్గర నుంచి మొదలుపెట్టు, నలుగురినీ వరసగా చూడు, మధ్యలో ముందుకి జరపకు. అసలు ఎందుకు, నా దగ్గరే ఉంది, ఇప్పుడే వేస్తాను, నాలుగు రేసులూ కలిపి ఎంతో సేపు పట్టదు. ఆ వెనక లైట్లు కాస్త ఆపుతారా? కెల్లీ గేటు దగ్గరికి వస్తున్నాడు చూడండి, అతని పాదం వైపు చూడండి.